విమానం దిగితేనే మాట

బెళుగుప్ప
1978, దసరా పోయిన వారం

బయమ్మకు,

బాగుండావా అని నేను అడగను. ఇది మాట్లాడడం కాదు, జాబు. నేను నోటితో చెప్తాండా, నా కోడలు ఓబుళమ్మ చేత్తో రాస్తాండాది. ఆడ చదివేది నీ పక్కింటి టైలరు దాసప్ప. నడమ నీకూ నాకూ మాటల్లేవు. పన్నెండేండ్లుగా లేవు, ఈ పొద్దూ లేవు. ఈ సంగతి అన్నిటికన్నా ముందు రాయమన్యా, రాసింది.

ఇంక నా పంచాయితీ విను.

మా ఊర్లో హనుమంతరాయుడు సినిమా టెంటు వేసినాడు. ఇంగ్లీసు బొమ్మ తెచ్చినాడు. ఇంగ్లీసు బొమ్మకు నేనేల పోతా. శెనక్కాయ చెట్లు వాన లేక చేన్లోనే మాడిపోతాంటే, ఇంట్లో కూచోని చూరు చూసేది యెందుకత్తా అని ఓబుళమ్మ పిలుచుకోని పోయింది. టెంటులో ఆంజినప్ప అనేవాడు మైకు పట్టుకోని, ఆ దొరలు మాట్లాడేదంతా మన తెలుగులో చెప్తాడు. దొరసాని ఏడిస్తే వాడూ ఏడుస్తాడు. దొర దగ్గితే వాడూ దగ్గుతాడు.

బొమ్మంతా ఒక విమానం. లోపల మన ఎర్రబస్సు మాదిరే వరసగా సీట్లు. టాపు మీద మాత్రం యెవరినీ ఎక్కించుకోలేదు. దాంట్లో యెవరి కత వాండ్లది. నెలలు నిండిన ఆయమ్మ ఒకతె మొగుని తావకు పోతాంది. గుండె జబ్బు పాప ఒకటి. తాగుబోతు ఒకడు. జపం చేసుకునే సన్యాసినమ్మ. విమానం నడిపే ఆయప్పకు పొద్దున్నే పెండ్లాంతో జగడం, ఆయమ్మ ముఖం తిప్పుకోని పంపించింది. యెవరికన్నా అట్లా పంపిస్తే ఆ పొద్దు మంచి జరుగుతాదా. జరగలేదు. మబ్బుల్లో పిడుగు పడింది. దిగల్లంటే చక్రాలు కిందికి రావల్లంట. అవి విమానం కడుపులోనే ఇరుక్కున్యాయి.

నేను యెన్ని ఆవులకు పురుడు పోసినానో నీకు తెలుసు. దూడ కాళ్ళు అడ్డం తిరిగితే యెట్లుంటాదో నాకొకరు చెప్పాల్సిన పని లేదు. లేచి నిలబడి, "మెల్లిగా నాయనా, గుంజొద్దు, అదే వస్తాది" అని ఆ డ్రైవరుకు చెప్తాండా. యెనకాల వాండ్లు కూచోవ్వా, కూచో అని కొంగు పట్టి లాగతాండారు. ఇంక కింద చూస్తే, దావ పొడుగునా దీపాలు పెట్టి, మంటలార్పే బండ్లు పెట్టి, ముక్కూ మొగం తెలీనోండ్ల కోసం ఊరు ఊరే కాచుకోని నిలబడింది. అది చూసినాక నా నోరు నా మాట వినలేదు. టెంటంతా వినేటట్ల అనేసినా: "సుంకులమ్మ తల్లీ, ఈ విమానం చల్లగా దిగితే నా చెల్లెలు బయమ్మతో మాట్లాడతా."

ఆ ఆంజినప్ప ఉండాడు చూడు, అదీ బొమ్మలో మాటే అనుకోని మైకులో మళ్ళా చెప్పినాడు. టిక్కెట్టు కొనకుండా బయట కూచున్యోండ్లకు కూడా తెలిసిపాయ.

విమానం నేల తాకేదానికి ఇంకొక మూర ఉండాది. అప్పుడొచ్చింది గాలి. టెంటు గుడ్డ తెరతో కూడా లేచిపోయి జాలికంపల్లో పడింది. వాన మాత్రం నాలుగు చినుకులే. హనుమంతరాయుడు చినిగిన గుడ్డ మడుచుకోని పోయినాడు, బొమ్మ డబ్బాలు మీ పామిడికి వస్తాయంట.

ఇప్పుడు ఊరోళ్ళు నన్ను పట్టుకున్యారు. మొక్కినావు కదవ్వా, పోయి మాట్లాడు అంటారు. విమానం దిగింటే కదా నేను మాట్లాడేది. పని కాకముందు దేవర కూడా కూలి అడగదు. దిగింటాదిలే అంటారు. పెండ్లి అయింటాదిలే అని బిడ్డను అత్తగారింటికి పంపిస్తారా యెవరన్నా.

నువ్వు ఆ బొమ్మ చూసి దిగిందో లేదో రాయించు. దిగలేదంటే మంచిదే. దిగిందంటే సాక్ష్యంతో రాయించు. చూడవా, వద్దు. నాకేం.

లక్ష్మీదేవమ్మ వేలిముద్ర

చిన్నత్తా, నేను ఓబుళమ్మను. ఈ జాబు మూడు తూర్లు చింపి రాయించింది. దినామూ పోస్టాయప్ప వచ్చే దావ చూస్తాండాది.


పామిడి
కార్తీకం మొదట్లో

అక్కకు,

నువ్వు అడగకపోయినా నేను బాగుండా. నీ జాబు చదువుతా దాసప్ప రెండు తూర్లు నవ్వినాడు. మూడో తూరి నవ్వబోతే కత్తెర దాచిపెట్టినా.

నాకొకటి అర్థం కాలేదు. మొక్కేటోళ్ళు దేవరకు తమకు కష్టమైందే ఇస్తామంటారు. కోడినిస్తామంటారు, తల గొరిగించుకుంటామంటారు. నాతో మాట్లాడేది నీకు బోడిగుండుతో సమానమా?

బొమ్మ ఇంకా రాలేదు. పెన్నలో నీళ్ళు లేవు కదా, ఇసకలోనే టెంటు వేస్తాండారు. వస్తే పోతా. నీ కోసమని కాదు. దాసప్ప పెండ్లాం తోడు రమ్మంటాంది.

దావ పొడుగునా దీపాలు పెట్టి కాచుకున్యారని రాయించినావు. ఆ ముక్క యెందుకు రాయించినావో నాకు తెలుసు.

బయమ్మ


బెళుగుప్ప
కార్తీక పున్నమి

బయమ్మకు,

బోడిగుండు కన్నా కష్టమే. జుట్టు మళ్ళా మొలుస్తాది.

యెందుకు రాయించినానో తెలుసంటివి కదా, దాసప్పకు కూడా తెలవనీ. అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు నేను చేన్లో కంపలు ఏరుతాండా. చేతుల్లో ముండ్లు పెరుక్కోకుండానే బస్సెక్కినా. ఉరవకొండ దావలో బస్సు చెడిపాయ. దిగి తోసినా, నడిచినా, రాళ్ళ లారీ ఎక్కినా. వచ్చేతలికి అమ్మ మీద మట్టి వేసేసి, చేతులు కడుక్కుంటాండారు మీరు. అమ్మ మొగం చూసుకోనియ్యలేదు నాకు. ఆ పచ్చి మట్టి పిడికెడు పట్టుకోని నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్యా. ఆ ఇంగ్లీసోండ్లు యెవరి అమ్మకో యెవరి బిడ్డకో అంతసేపు కాచుకున్యారే, తోడబుట్టినదాని కోసం నువ్వు కాచుకోలేకపోతివి. ఇదీ నా పంచాయితీ. కాదంటావా చెప్పు.

ఈడ ఊరు రెండుగా చీలింది. దిగిందనేవాండ్లు రచ్చకట్టకు ఈ పక్క, లేదనేవాండ్లు ఆ పక్క. ఆయమ్మకు మగబిడ్డా ఆడబిడ్డా అని ఆడోళ్ళు జగడం. గుండె జబ్బు పాపకు వేపాకు దిష్టి తీసి పారేసినాము నేనూ ఓబుళమ్మ. దీపం పెట్టేటప్పుడల్లా నాకు ఆ విమానమే కండ్ల ముందర ఉంటాది, మూరెడు ఎత్తులో, దిగకుండా. నిద్రలో కూడా కాళ్ళు కిందికి పెట్టి తడుముతాండానంట.

బొమ్మ వచ్చిందా? బిరీన రాయించు.

లక్ష్మీదేవమ్మ


పామిడి
మార్గశిరం

అక్కకు,

బొమ్మ చూసినా. విమానం దిగింది.

సాక్ష్యం అడిగినావు కాబట్టి వివరంగా చెప్తా. ఈడ మైకులో చెప్పే మనిషి లేడు, ఉత్త ఇంగ్లీసే. అయితేనేం, ఏడుపుకు వేరే భాషేముండాది. విమానం గుర్రుమని లేచింది. శానాసేపు గ్లాసులు గలగల, నవ్వులు. పాప దగ్గతానే ఉండాది. తాగుబోతు పాట ఎత్తుకున్యాడు, సన్యాసినమ్మ గొణగతా జపం చేసింది. అంతలో ఫట్‌మని పిడుగు. అందరూ ఒకటే అరుపు. నెలలు నిండిన ఆయమ్మకు నొప్పులొచ్చినాయి, ఆ మూలుగు ఇంకా నా చెవుల్లో ఉండాది. కింద బండ్లు కూతలు పెట్టినాయి. కడాకు బండ మీద గునపం గీసినట్ల కీచుమని శబ్దం. దాసప్ప పెండ్లాం కండ్లు గట్టిగా మూసుకోని నా చెయ్యి రక్కేసింది. ఆపైన టెంటంతా చప్పట్లు, ఈలలు. దిగకపోతే చప్పట్లు యేల కొడతారు?

నీ మొక్కుబడి పక్కా అయిపాయ. నేను ఇల్లు వదిలి రాలేను. నువ్వే రావల్ల.

బయమ్మ


బెళుగుప్ప
పుష్యం, చలి శానా ఉండాది

బయమ్మకు,

నీ సాక్ష్యం చెల్లదు.

చప్పట్లంటావు. మా టెంటులో కరెంటు పోయి వచ్చినా చప్పట్లే. తెర ముందర కుక్క పోయినా చప్పట్లే. చప్పట్లు నమ్ముకోని దేవరతో లెక్క తేల్చుకోమంటావా నన్ను.

ఇంకొకటి ఉండాది. నీ జాబు ఓబుళమ్మతో మళ్ళా మళ్ళా చదివించుకున్యా. జాబు నిండా చప్పుళ్ళే. గుర్రు, గలగల, ఫట్, కీచు. ఒక్క మొగం లేదు. ఒక్క గుడ్డ రంగు లేదు. చిన్నప్పుడు పెండ్లికి పోతే నీకు పెండ్లికూతురి పేరు తెలిసేది కాదు గానీ, ఆయమ్మ కమ్మల్లో యెన్ని రాళ్ళో, దాంట్లో యేది పగిలిందో చెప్తాంటివి. ఆ విమానంలో ఒక ముసిలి దొరసాని మెడలో రేగుపండ్లంత ముత్యాల సరం ఉండాది. నువ్వు దాన్ని చూసి రాయించకుండా ఉంటావా. సూర్యుడు పడమర పుట్టినా ఉండవు.

ఇప్పుడు నేను దాచింది కూడా చెప్తా. ఆ ముత్యాలామె పక్కన, నడమ ఒక సీటు ఖాళీ పెట్టి, ఎర్ర టోపీ పెట్టుకున్య ఇంకొక ముసిలామె కూచునుంటాది. ఇద్దరూ తోడబుట్టినోండ్లే. మాటల్లేవు. కాఫీలిచ్చే పిల్లను పిలిచి, "ఆ పక్కామెకు చెప్పు కిటికీ మూయమని" అంటాది ఒకతె. "ఈ పక్కామెకు చెప్పు మూయనని" అంటాది ఇంకొకతె. టెంటంతా నవ్వింది, నేను నవ్వలేదు. విమానం జారిపోతాంటే, ఇద్దరూ ముందరికే చూస్తా, ఆ ఖాళీ సీటు మీదికి చేతులు జరుపుకున్యారు. మెల్లిగా, ఎండ్రకాయలు పాకినట్ల. నేను లేచి నిలబడింది అప్పుడే. దీపాలు చూసి అరిచినానని రాయించినా కదా, దీపాలు తర్వాత.

నువ్వు వాండ్లిద్దరినీ చూసింటే మొదటి ముక్క అదే రాయిస్తాంటివి. నువ్వు బొమ్మ చూడలేదు. నాతో అబద్ధం చెప్పల్లంటే నువ్వింకా నేర్చుకోవల్ల. టెంటుకు పోలేదా, పోయి నిద్రపోతివా? నిజం రాయించు.

లక్ష్మీదేవమ్మ


పామిడి
పుష్యం చివర

అక్కా,

పోయినా. నిద్రపోలేదు. నా ముందర తెర ఉండాది, దాంట్లో తెల్లగా పొగ మాదిరి కదిలింది. అంతే కనపడింది. రెండేండ్లుగా నా కండ్లకు పొర కమ్మింది. ఒకటి పూర్తిగా పాయ, ఇంకొకటి మసక. ముత్యాల సరం నా చేతిలో పెట్టినా తడిమి చెప్పల్ల నేను.

నువ్వు పన్నెండేండ్లకు ఒక పని చెప్తివి. కండ్లు లేవు, నాతో కాదు అని రాయించేదానికి మనసు రాలేదు. చెవులుండాయి కదా అని పోయినా.

నా పంచాయితీ కూడా విను, ఒకే ఒక తూరి. ఆ పొద్దు కాచుకోలేదంటావు. ఎండలు మండతాన్యా పొద్దు వాలేదాకా నేను పాడె లేపనియ్యలేదు. ఇంక ఉంచగూడదని పెద్దోళ్ళు లేస్తే, పాడె మీద అడ్డం పడుకున్యా. నన్ను ఈడ్చి పక్కన పెట్టి తీసుకోని పోయినారు. నా మోచేతులు చూడు ఈసారి, ఆ గీతలు ఇంకా ఉండాయి. నువ్వు కానుపుకొచ్చి మరిచిపోయిన పచ్చకోక ఇంట్లో ఉంటే, అది అమ్మకు కప్పినా, నువ్వు పక్కన ఉన్యట్ల. ఇదంతా చెప్పల్లని నీ దగ్గరికొస్తే మొగం మీద మట్టి కొట్టి పోతివి. ఆపైన మాటల్లేకపాయ. మాటల్లేకుండా యెట్లా చెప్పేది?

ఈడ తేరు తిరునాళ్ళకు ఆ బొమ్మ మళ్ళా తెస్తాండారంట. ఇంతే నాకు తెలిసింది.

బయమ్మ


బెళుగుప్ప

బయమ్మకు,

నీ జాబు విని ఓబుళమ్మ ఏడ్చింది. నేను ఏడ్వలేదు. నాకు దొడ్లో పనుండింది, పోయి ఆవు పక్కన నిలబడుకోని వచ్చినా.

తేరుకు వస్తాండా. నీ కోసమని కాదు, విమానం కోసం. ముందే చెప్తాండా, మొక్కు మొక్కే. అది దిగేదాకా నా నోరు లేవదు. నువ్వేమీ అడగొద్దు. నా కొంగు పట్టుకో, నడువు, చాలు. మధ్యాన్నం బస్సుకు వస్తా. బస్సు చెడితే నన్నేమీ అనొద్దు.

లక్ష్మీదేవమ్మ


బెళుగుప్ప
1979, మాఘం

మే బయమ్మా,

ఇల్లు చేరినా. కిటికీ పక్కన సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన సద్ది గుత్తి దాటకముందే తినేసినా.

ఊరంతా నా అరుగు మీదనే ఉండాది. జరిగిందంతా చెప్పినా. నీకూ రాయిస్తాండా. యెవరన్నా అడిగితే నీదీ నాదీ ఒకే మాట ఉండల్ల కదా.

మొదటిది బస్సు. మధ్యాన్నం రావల్సింది పొద్దు గూకినాక చేరింది. ఇంతసేపు యెవరు కాచుకుంటారులే అనుకున్యా. దిగి చూస్తే బస్టాండు నుంచి నీ వాకిలి దాకా దావకు రెండు పక్కలా బుడ్డీ దీపాలు. దాసప్ప పెండ్లాం ఒక్కోదానికి చేటలు అడ్డం పెట్టతా ఉరుకుతాంది. నడమ నువ్వు, కర్ర పట్టుకోని, తల యెత్తుకోని. నీకా కండ్లు లేవు. ఆ దీపాలన్నీ యెవరికి పెట్టినావే. మాట గొంతు దాకా వచ్చింది. మింగినా. విమానం ఇంకా దిగలేదు కదా.

రెండోది టెంటు. ఇసకలో కూచున్యాం, నీకూ నాకూ నడమ ఒక మనిషి పట్టేంత ఎడం పెట్టుకోని. బొమ్మ మొదలైంది. "యెవరో నవ్వతాండారే" అని నువ్వు గాలికి చెప్పినట్ల అంటివి. నేను గమ్మునుండా. "ఏదో విరిగినట్లుండాదే" అంటివి. పక్కకు చూస్తే, నీ మొగం తెర వైపు లేదు. టెంటు గుంజ వైపు తిప్పుకోని, దాన్నే చూస్తా కూచునుండావు, ఆడేదో బొమ్మ ఆడుతాన్యట్ల. నాతో కాలేదు. నీ గడ్డం పట్టి తిప్పి, "ఈ పక్క మే, ఈ పక్క" అన్యా.

పన్నెండేండ్ల తర్వాత నా మొదటి మాట అదీ. విమానం అప్పుడు మబ్బుల్లోనే ఉండాది. తప్పే. చేసేసినా.

ఆపైన ఆగితేనా. ముత్యాలు యెంతెంత లావో చెప్పినా, టోపీకి ఈకలెన్నో చెప్పినా, పైలెట్టు పెండ్లాం ముక్కు సూదిగా ఉండాదని చెప్పినా. ముందర వరసోళ్ళు "అవ్వా, గట్టిగా చెప్పు, మాకూ అర్థమైతాంది" అన్యారు. ఆంజినప్ప ఉండింటే మైకు నా చేతికిచ్చి ఇంటికి పోయింటాడు.

మూడోది, విమానం దిగింది. ఒక చక్రం వచ్చింది, రెండోది వచ్చింది, నేల తాకి నిప్పురవ్వలు లేచినాయి, బండ్లు పక్కనే ఉరికినాయి, నిలబడింది. నెలలు నిండిన ఆయమ్మకు ఆడబిడ్డ. పాప బతికింది. అక్కాచెల్లెండ్లు చేతులు పట్టుకోని ఒకే మెట్ల మీద దిగినారు. నేను చూసినా, నీకు చెప్పినా, అంతే కత. మొక్కుబడి తీరిపాయ. ముందుగా మాట్లాడినందుకు సుంకులమ్మకు ఒక టెంకాయ కొట్టి తప్పు ఒప్పుకున్యా.

లక్ష్మీదేవమ్మ


పామిడి
మాఘం చివర

అక్కా,

ఇంకొక టెంకాయ కొట్టు.

నాకు కండ్లు లేవు గానీ చెవులుండాయి, ముక్కుండాది. "రెండో చక్రం వస్తాండాదే" అని నువ్వంటాండంగానే బొమ్మ ఆడించే మిషను చప్పుడు ఆగిపాయ. గుడ్డ కాలినట్ల కమురు వాసన వచ్చింది. "రీలు కాలిపాయరా, దుడ్లు యెనక్కియ్యండి" అని జనం లేచి అరుస్తాండారు, ఇసక యెత్తి చల్లతాండారు, నా తలలో కూడా పడింది. అంత గలాటాలో నువ్వు ఒక్కదానివే కూచోని, ఆపకుండా చెప్తానే ఉండావు. నేల తాకిందంటివి. నిలబడిందంటివి. ఆడబిడ్డ అంటివి. నీ గొంతు చిన్నప్పుడు నాకు చీకట్లో కతలు చెప్పిన గొంతే. నీ చెయ్యి, ఆ నడమ ఎడంలో, నా చేతిని గట్టిగా పట్టుకోనుండాది.

నేను చెయ్యి విడిపించుకోని చప్పట్లు కొట్టినా, గుర్తుండాదా? టెంటు మొత్తానికి నేనొక్కదాన్నే కొట్టినా.

ఉగాది పోయినాక కండ్లకు ఆపరేషను చేస్తామని అనంతపురంలో చెప్పినారు. తోడు నువ్వు రావల్ల. రోజంతా మాట్లాడతా కూచోవల్ల, కట్టు కట్టినాక నాకు పొద్దు పోదు. కండ్లొచ్చినాక ఆ బొమ్మ యాడ ఆడినా పోయి చూడొచ్చు, అది దిగిందో లేదో నీ కండ్లతోనే తేల్చుకోవచ్చు అంటాడు దాసప్ప.

నేను వద్దన్యా. ముత్యాలు చూడల్లని ఆశ ఉండాది, అయినా వద్దన్యా. ఆ విమానం నువ్వు దించిన తావనే నిలబడుండనీ. మళ్ళా పైకి లేపొద్దు.

నీ చెల్లెలు
బయమ్మ